సీట్ల పిన్ని జాకీ పట్టిన వైనం

కారు సీటు పొట్టలో స్పాంజి ఎంత మందం ఉంటుందో, ఏ మూల ఏ కొక్కెం దాక్కొని ఉంటుందో సీట్ల పిన్ని కళ్ళు మూసుకొని చెప్పగలదు. ఆ కారు కింద ఏముంటుందో మాత్రం యాభయ్యో పడి దగ్గరపడేదాకా ఆవిడకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం రాలేదని కాదు, ఇంట్లో తెలుసుకోనివ్వలేదు.

ఆవిడ పని సీటు కవర్లు కుట్టడం. ఆవిణ్ణి పిన్నీ అని మొదట ఎవరు పిలిచారో గానీ, ఇప్పుడు ఆవిడకంటే పెద్దవాళ్ళకు కూడా ఆవిడ పిన్నే. ఇంటి పక్కన రేకుల షెడ్డు. అందులో సగం కారుకి, సగం కుట్టుమిషనుకి. రెక్సిన్ చుట్టలు ఊరి నుంచి వచ్చిన చుట్టాల్లా గోడకానుకొని నిలబడి ఉంటాయి. నేలంతా ముక్కలూ దారాలే. పొద్దున వంట కాగానే మిషను ముందు కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. తయారైన కవర్లు కారులో వేసుకొని తనే నడుపుకుంటూ వెళ్ళి షాపులకు ఇచ్చి వస్తుంది.

ఒకప్పుడు ఆ కారు నడిపింది ఆవిడ భర్త. ప్రెస్సులో కాగితాలు కత్తిరించే మిషను దగ్గర పని కాబట్టి అందరూ ప్రెస్సాయన అంటారు. చాలా ఏళ్ళ కిందట ఒక ప్రయాణంలో టైరు పంక్చరైంది. రోడ్డు పక్కన గులకనేల మీద జాకీ పెట్టి కారు లేపాడు. చక్రాలకు అడ్డుగా ఒక రాయైనా పెట్టలేదు. చేతిలోంచి జారిన నట్టు కారు కిందికి దొర్లిపోతే, ఎంతసేపులే అని భుజం దూర్చాడు. అంతే, జాకీ పక్కకు ఒరిగింది. ఎముకలైతే అతుక్కున్నాయి గానీ, ఎడమ చెయ్యి ఆ తరవాత భుజం దాటి పైకి లేవలేదు. స్టీరింగు కూడా మళ్ళీ పట్టుకోలేదు.

అత్తగారు ఆనాడే డిక్కీలోని జాకీని తీయించి పాతసామానువాడికి ఇచ్చేసింది. "ఇక ఈ గుమ్మంలోకి ఆ దయ్యం రావడానికి వీల్లేదు" అంది. అప్పటినుంచీ ఆ ఇంట్లో పాము పేరైనా ఎత్తవచ్చు గానీ జాకీ పేరు ఎత్తకూడదు. పంక్చరైతే మెకానిక్కు కబురు పెట్టాలి. ఆయన వచ్చేదాకా కారు మూడు కాళ్ళ ముసలిదానిలా వీధిలో పడి ఉండేది.

మెకానిక్ షెడ్డుకు సీట్లు బిగించడానికి వెళ్ళినప్పుడల్లా పిన్ని చూపు పక్కకు పోయేది. నాలుగు చిన్న చక్రాల మీద తిరిగే పొడుగాటి జాకీ ఒకటి అక్కడుండేది. మెకానిక్ దాన్ని బండి కిందికి తోసి, పిడి పట్టుకొని కిందికీ పైకీ ఆడించేవాడు. అంత బరువైన కారూ పిలిస్తే లేచినట్టు లేచేది. పిన్నికి ముచ్చటేసేది. ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా పనిచేసే వస్తువుకా మా ఇంట్లో అంత చెడ్డపేరు, అనుకునేది.

ఒకరోజు ఆపుకోలేక అడిగేసింది. "అన్నయ్యా, ఇది ఎప్పుడూ పడిపోదా?"

మెకానిక్ నవ్వలేదు. "పడుతుంది చెల్లెమ్మా. జాకీ అన్నాక ఎప్పుడో ఒకప్పుడు దిగిపోతుంది. లోపల ఉండేది నూనె. ఒక వాషరు అరిగితే చాలు. అందుకే దాన్ని నమ్మకూడదు."

"నమ్మకుండా కిందికెలా దూరతావు మరి?"

ఆయన మూల నుంచి రెండు ఇనుప స్టాండ్లు తెచ్చి ముందు పెట్టాడు. వెడల్పాటి కాళ్ళు, మధ్యలో పళ్ళున్న కడ్డీ. "నమ్మేది వీటిని. జాకీ పని లేపడం వరకే. మోసేది ఇవి. లేపేవాడూ మోసేవాడూ ఒకడే అయితే ఎప్పటికైనా గొడవే."

ఆ మాట పిన్ని మనసులో కుట్టు వేసినట్టు పడిపోయింది. మా ఆయన్ని పడేసింది జాకీ కాదన్నమాట, జాకీ మీద పెట్టుకున్న నమ్మకం అన్నమాట.

తరవాత రెండు మూడు నెలలు సీట్లు బిగించే వంకతో వెళ్ళి పని నేర్చుకుంది. మెకానిక్ చేసి చూపించాడు, ఆపైన చేయించాడు, చివరికి వీపు తిప్పుకొని టీ తాగుతూ ఆవిడనే చెయ్యమన్నాడు. ఆయన పాత జీపుకు పిన్ని కొత్త సీట్లు కుట్టిపెడితే, దానికి బదులుగా తన దగ్గర రెండోదిగా ఉన్న చక్రాల జాకీనీ, ఒక జత స్టాండ్లనూ ఇచ్చాడు. "వెళ్ళి ఇంట గెలువు. రచ్చ సంగతి తరవాత చూద్దాం" అని సాగనంపాడు.

ఇంట గెలవడం అంత తేలిక కాలేదు. డిక్కీలోంచి జాకీ దించుతుండగానే అత్తగారు గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఏమిటే అది?"

"జాకీ అత్తయ్యా." పిన్ని కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. దాచడం ఆవిడకు చేతకాదు.

"నా కొడుకు చెయ్యి తిన్నది చాలక, ఇప్పుడు నిన్ను మింగడానికి తెచ్చుకున్నావా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? మెకానిక్ చచ్చాడా?"

"చావలేదు అత్తయ్యా. బ్రేకులు కీచుమంటుంటే వారం నుంచి వస్తాను వస్తాను అంటున్నాడు. ఆ బండి నడిపేది నేను. రేపు అది ఆగకపోతే గుద్దేదీ నేనే."

అత్తగారు సామెతలు పక్కనపెట్టింది. వెంటనే కొడుకు వైపు తిరిగింది. ప్రెస్సాయన అప్పటికే కుర్చీలోంచి లేచాడు. జాకీ వైపు ఒక్కసారి చూశాడు. ముందుగదిలోకి వెళ్ళి రేడియో పెట్టుకున్నాడు. ఎప్పుడూ పెట్టనంత గట్టిగా పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున పిన్ని కారు బయటికి తీసి షెడ్డు నేలంతా ఊడ్చింది. ఊడ్చాననుకుంది. సిమెంటు నేల సమంగా ఉంది. కారును మళ్ళీ లోపలికి తెచ్చి, హ్యాండ్ బ్రేకు లాగి, గేరులో వేసింది. మార్చాల్సినవి ముందు బ్రేకులు కాబట్టి వెనక చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి సుత్తితో బిగించింది. ముందు చక్రాల నట్లు చక్రం నేల మీద ఉండగానే పానాతో కొంచెం కొంచెం వదులు చేసింది. గాలిలోకి లేచాక వాటితో కుస్తీ పడితే కారు ఊగిపోతుందని మెకానిక్ చెప్పాడు. ఒక నట్టు మొండికేసింది. పిన్ని పానా మీదికెక్కి నిలబడింది. కీచుమంటూ లొంగింది.

జాకీని ముందు నుంచి లోపలికి తోసి, నేల మీద బోర్లా పడుకొని, టార్చి వేసి చూసింది. జాకీ ఆనాల్సింది ఆయిల్ తొట్టికి కాదు, దాని వెనక అడ్డంగా పోయే లావాటి ఇనుప దూలానికి. జాకీ తల దాని మధ్యకు వచ్చేలా సర్దింది. పిడి ఆడించింది. కారు మూతి కొద్దికొద్దిగా లేచింది. చక్రాలు నేల వదిలేలోగా ఏదో తేడా అనిపించింది. కారు లేచే కొద్దీ జాకీ తన చిన్న చక్రాల మీద కాస్త లోపలికి జరగాలి. జరగడం లేదు. తల ఒక పక్కకు ఒరుగుతోంది.

పిన్ని ఆడించడం ఆపింది. పిడి మెల్లగా తిప్పి కారును కిందికి దించేసింది. జాకీ లాగి చూస్తే దాని చక్రం కింద మడతపడ్డ రెక్సిన్ ముక్క. తను కత్తిరించి పారేసిందే.

"నీ పనే నీకు అడ్డం పడింది కదమ్మా" అని తనను తనే వెక్కిరించుకొని, చీపురు పట్టి మళ్ళీ మూలమూలలా ఊడ్చింది. మళ్ళీ మొదటి నుంచీ చేసింది. ఈసారి జాకీ బుద్ధిగా జరిగింది. కారు తిన్నగా లేచింది. రెండు స్టాండ్లనూ రెండు పక్కలా అంచు కింద గట్టిగా ఉండే చోట నిలబెట్టి, కడ్డీల పళ్ళు గట్టిగా పట్టాయో లేదో వేలితో తడిమి చూసి, పిడి వెంట్రుకవాసి తిప్పింది. కారు నిట్టూర్చినట్టు దిగి స్టాండ్ల మీద కూర్చుంది.

అప్పుడు గమనించింది, రేడియో ఆగిపోయిందని.

ప్రెస్సాయన షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో. మొహం పాలిపోయి ఉంది.

"ఊపి చూశావా?" అన్నాడు.

"ఇంకా లేదండీ."

"చూడకుండా దూరుతావా?"

"చూడకుండా ఎందుకు దూరతాను? ఇప్పుడే చూడబోతున్నా. మీరొచ్చి తోస్తే ఇంకా నయం. నా బరువెంత, మీ బరువెంత?"

ఆయన కదల్లేదు. ఆవిడ బలవంతపెట్టలేదు. పానా తుడుచుకుంటూ కూర్చుంది. కాసేపటికి ఆయన చెప్పులు విడిచి, గుడిలోకి అడుగుపెట్టినంత భయంగా లోపలికి వచ్చాడు. కుడి భుజం కారుకు ఆనించి తోశాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తోశాడు. ఊహూ. అటు పక్కకు వెళ్ళి తోశాడు. ఏమనిపించిందో, ఎన్నేళ్ళ కసో, కాలు తన్నిపెట్టి రొప్పుతూ తోశాడు. కారు కొండలా కూర్చుంది.

"చాలండీ, గోడ అవతలకి పంపిస్తారా ఏంటి?" అంది పిన్ని.

ఆయన నవ్వాడు. మొహం మీద చెమట తుడుచుకున్నాడు. కుట్టుమిషను ముందున్న స్టూలు లాక్కొని కారు పక్కన కూర్చున్నాడు. "ఇంత చిన్న సంగతా ఇది?" అన్నాడు. "రెండు ఇనుప ముక్కలు. రెండు చెక్కలు."

"అప్పుడు మనకు ఎవరూ చెప్పలేదు కదండీ" అంది పిన్ని. చక్రం విప్పి, దాన్ని కూడా కారు అంచు కిందికి పడుకోబెట్టింది. "ఇది మూడో కాపలా. స్టాండు కూడా మోసం చేస్తే ఇది ఆపుతుంది."

మధ్యాహ్నానికి బ్రేకులు మారాయి. ప్రెస్సాయన ఒక్కొక్క సామానూ అందించాడు. అత్తగారు మాత్రం షెడ్డు వైపు రాకుండా వంటింటి కిటికీలోంచే యుద్ధం చూసినట్టు చూసింది. కారు వీధి చివరిదాకా వెళ్ళి కీచుమనకుండా ఆగి వచ్చాక, "బతికి బట్టకట్టావు, పో, అన్నం తిను" అంది. ఆవిడ నోటి నుంచి అది సన్మానపత్రమే.

పక్కింటి ప్లంబరు ఇదంతా ప్రహరీగోడ మీంచి చూశాడు. మంచివాడే, నోరే కాస్త తొందర. "ఒక కారు లేపడానికి ఇంత పెళ్ళి హడావుడా పిన్నీ? నేనైతే ఈపాటికి పని ముగించి నిద్రపోయి లేచేవాణ్ణి" అన్నాడు.

"నిద్రపోయి లేస్తే ఫరవాలేదు నాయనా, లేవకపోతేనే చిక్కు" అంది పిన్ని. "ఎప్పుడైనా అవసరమైతే స్టాండ్లు తీసుకెళ్ళు. ఏ తొందరలోనో నా మాట గాలికొదిలేసినా, విప్పిన చక్రమైనా కింద పడేసి దూరు."

"నీ మాట ఎప్పుడు కాదన్నాను పిన్నీ" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ నెల చివర్లో ఒక మధ్యాహ్నం పిన్ని మిషను మీద ఉండగా వీధిలో దబ్బుమని చప్పుడైంది. వెంటనే ప్లంబరు భార్య కేక. పిన్ని పరుగున వెళ్ళి చూసేసరికి ప్లంబరు వ్యాను వెనక భాగం కుంటి గుర్రంలా కూలబడి ఉంది. సైలెన్సర్ ఊడి వేలాడుతుంటే కట్టుకుందామని, తన గేటు ముందు వాలు నేల మీదే, బండితో వచ్చిన చిన్న జాకీతోనే లేపాడు. లోపలున్న ఇనుప పైపులు కూడా దించలేదు. వ్యాను ముందుకు జరిగి జాకీ మీంచి పడింది. అతని కాళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. అవి కదులుతున్నాయి.

పిన్ని వంగి చూసింది. వ్యాను అంచు నేలకు తగల్లేదు. మధ్యలో అతను ముందే విప్పి పడేసిన చక్రం ఉంది. నవ్వుతూనే అయినా మాట విన్నాడు. ఆ జానెడు సందులో ఒక చెయ్యి ఇరుక్కొని, ఛాతీ మీద ఇనుము ఆనుకొని, ఊపిరి కోసం తంటాలు పడుతున్నాడు.

అప్పటికే నలుగురైదుగురు మగవాళ్ళు చేరి వ్యానుకు చేతులు వేశారు. "పట్టండి, పట్టండి, ఒక్కసారే ఎత్తేద్దాం!"

"ఎవరూ చెయ్యి వెయ్యొద్దు!" పిన్ని గొంతు అంత పెద్దదని ఆ వీధికి అంతవరకూ తెలియదు. "సగం ఎత్తి వదిలారంటే వాడు పోతాడు. చేతులు తీయండి! నువ్వూ, నువ్వూ రాళ్ళు తెచ్చి ముందు చక్రాలకు అడ్డం పెట్టండి. ముందూ వెనకా పెట్టండి. మీరు వెనక తలుపు తీసి పైపులు దించండి. మెల్లగా, బండి కుదపకుండా! అమ్మాయ్, నువ్వు ఏడవడం ఆపి అంబులెన్సుకి ఫోను చెయ్యి."

అందరూ తలా ఒక పనికి ఉరికారు. ఏం చెయ్యాలో తెలిసిన మనిషి ఒకరు దొరికితే గుంపుకు అంతకంటే ఏం కావాలి?

పిన్ని షెడ్డులోకి పరిగెత్తింది. నేల మట్టి, జాకీ దిగబడుతుంది. రెక్సిన్ కత్తిరించే దళసరి చెక్కపలకను బల్ల మీంచి లాగి చంకన పెట్టుకొని, జాకీని ఈడ్చుకుంటూ గుమ్మం దాటేసరికి, ఆవిడ వెనకే ఇనుము గీసుకుంటున్న చప్పుడు. ప్రెస్సాయన మంచి చేత్తో ఒక స్టాండు, మంచి చెయ్యి కానిదానితో రెండోది లాక్కొస్తున్నాడు.

వ్యాను దగ్గరికి వచ్చి ఆయన చేసిన పని పిన్ని ఊహించనిది. నేల మీద పడుకున్నాడు. వ్యానుకు అంగుళం కూడా తగలకుండా, ప్లంబరు మొహం కనిపించే చోట చెంప మట్టికి ఆనించాడు.

"అబ్బాయ్, ఇటు చూడు. పెద్ద ఊపిరి తియ్యకు, చిన్నచిన్నగా తియ్యి. ఒకప్పుడు నేనూ ఇలాగే ఉన్నాను. అప్పుడు నా పక్కన మీ పిన్ని లేదు, అయినా బయటికొచ్చాను. నీకుంది. కదలకు."

"బాబాయ్..." అన్నాడు ప్లంబరు.

పిన్ని పలక పరిచి, దాని మీద జాకీ నిలిపి, వెనక ఇరుసు కింద చోటు చూసుకుంది. తల తిన్నగా ఉందా? ఉంది. పిడి ఆడించింది. తొందరపడమని కాళ్ళూ చేతులూ మొత్తుకుంటున్నా, షెడ్డులో ఆడించినంత నిదానంగానే ఆడించింది. వేలెడు లేవగానే స్టాండు తోయించింది. ఇంకో వేలెడు లేపి, స్టాండు కడ్డీ ఒక పన్ను పైకి జరిపింది. మళ్ళీ లేపింది. లోపలి నుంచి పెద్దగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు వినిపించింది.

రెండో స్టాండు కూడా కుదిరాక, ఊపి చూశాకే, అతన్ని ముట్టుకోనిచ్చింది. ఇద్దరు మగవాళ్ళు తిన్నగా, ఒక్క వరసలో బయటికి లాగారు. అంబులెన్సు వచ్చేసరికి అతను నీడలో పడుకొని, "పైపులు ఎవరైనా లెక్కపెట్టారా?" అని అడుగుతున్నాడు.

మణికట్టు విరిగింది. ఒక పక్కటెముకకు పగులు. అంతటితో పోయింది. కట్టు కట్టించుకొని ఇంటికి వచ్చాక పిన్నిని చూసి తల దించుకున్నాడు. పిన్ని ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పే పని అత్తగారు తీసుకుంది, అదీ వడ్డీతో సహా.

అతని చెయ్యి బాగయ్యేదాకా వ్యాను ఊరికే ఉండిపోతే ఇల్లు గడవదు. అందుకని ప్లంబరు భార్య తనే నడపడం మొదలుపెట్టింది. అతను పక్కన కూర్చుంటాడు, ఏ పైపు ఎక్కడ బిగించాలో చెబుతాడు, కుర్ర మేస్త్రీలు బిగిస్తారు. ఒకరోజు ఆ అమ్మాయి పిన్ని షెడ్డుకు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పిన్నీ, ఆ సైలెన్సర్ ఇంకా వేలాడుతూనే ఉంది. నేను కట్టుకుంటాను. నాకు నేర్పుతావా?"

"భయం లేదూ?"

"బోలెడుంది. ఆ రోజు చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది."

"ఉండనీ. కాస్త భయమున్నవాళ్ళే రాళ్ళు సరిగ్గా పెడతారు. వ్యాను లోపలికి తీసుకురా."

వ్యాను షెడ్డులోకి వచ్చింది. పిన్ని మిషను ముందు కూర్చొని కుట్టు సాగిస్తూనే మాటతో నడిపించింది. బండి వెనక భాగం కాబట్టి చెక్కలు ఈసారి ముందు చక్రాలకని గుర్తుచేసింది. ఆ అమ్మాయి ప్రతిదానికీ వెనక్కి తిరిగి చూస్తుంటే, "నన్ను కాదు, జాకీని చూడు" అంది. అత్తగారు కిటికీ వదిలి షెడ్డులోకే వచ్చి, ప్రెస్సాయన స్టూలు ఆక్రమించి, కాళ్ళు చాపుకొని కూర్చుంది. "ఆ ఎడమ చెక్క వదులుగా ఉందే పిల్లా. నాకు కళ్ళు కనిపించవు గానీ అది మాత్రం కనిపిస్తోంది" అంది. నిజంగానే వదులుగా ఉంది. ఆ అమ్మాయి సుత్తి అందుకొని రెండు దెబ్బలు వేసింది.

వ్యాను లేచింది. స్టాండ్ల మీద కూర్చుంది. ఆ అమ్మాయి రెండు చేతులూ ఆనించి, పళ్ళు బిగించి ఊపింది. కదల్లేదు. కొంగు నడుముకు చుట్టి, నేల మీద గోనెపట్టా పరుచుకొని, సన్నటి ఇనుప తీగె నోట కరచుకొని మెల్లగా లోపలికి జరిగింది.

"ఎలా ఉంది లోపల?" అని కేకేసింది పిన్ని, మిషను ఆపకుండానే.

"చల్లగా ఉంది పిన్నీ! పట్టకారు అందించు!"